లక్ష కి.మీ. దాటిన స్పోర్ట్స్ సెడాన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ఒకటి అమ్మకానికి వచ్చింది. 1,12,000 కి.మీ. తిరిగింది, సెకండ్ ఓనర్. చూడ్డానికి కొత్త బండిలా మెరిసిపోతోంది. రీడింగ్ చూసి ఇంట్లో వాళ్లు వద్దంటున్నారు. నాకేమో మనసు లాగుతోంది. కొనే ముందు ఏమేం చూసుకోవాలి?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ ఇంజిన్‌కు 1,12,000 పెద్ద వయసు కాదు. ఆయిల్ సరిగా పోసి నడిపి ఉంటే ఇంకా చాలా దూరం వస్తుంది. అదే 40,000 తిరిగిన బండి అయినా, వేడెక్కకముందే ఆర్‌పీఎం ఎర్రగీత దాకా తొక్కి, ఏడాదికోసారి కూడా ఆయిల్ మార్చకపోతే గుల్లైపోతుంది. అందుకే బండి చూడ్డానికి వెళ్లే ముందు బిల్లుల ఫైల్ అడగండి. వాట్సాప్‌లో ఫొటోలు పంపమన్నా చాలు.

ఆ ఫైల్‌లో వెతకాల్సినవి మూడు. ఒకటి, ఇంజిన్ ఆయిల్. కంపెనీ లెక్క 15,000 కి.మీ. లేదా ఏడాది. 230 పీఎస్ టర్బో బండికి మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో ఆ గడువు ఎక్కువే. 8,000–10,000కి ఒకసారి మార్పించిన ఓనర్ దొరికితే ఆ బండికి ఓ ఇరవై వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. రెండు, 60,000 దగ్గర డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్, ఫిల్టర్ మార్చిన బిల్లు. ఆర్‌ఎస్‌లో ఉన్నది 6 గేర్ల వెట్ క్లచ్ గేర్‌బాక్స్. క్లచ్‌లు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి, వాటి అరుగుదల పొడి అంతా ఆ ఆయిల్‌లోనే కలుస్తుంది. అది మార్చకపోతే ఆ మడ్డి, గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్ అయిన మెకాట్రానిక్ వాల్వుల్లోకి చేరుతుంది. మార్చేటప్పుడు పట్టే ఆయిల్ 5 లీటర్ల పైచిలుకు. బిల్లులో 2 లీటర్లే కనిపిస్తే పని సగమే జరిగిందన్న మాట. మూడు, స్పార్క్ ప్లగ్‌లు. ఇవీ 60,000కే. మీరు చూస్తున్న బండికి డీఎస్‌జీ ఆయిల్, ప్లగ్‌లు రెండోసారి మార్చే వేళ కూడా దగ్గరపడింది. ఆ ఖర్చు బేరంలో పెట్టండి.

ఇక బండి దగ్గరికి. ముందు రోజే ఫోన్ చేసి, ‘మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మర్యాదగా ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఈ బండిలో దాచిపెట్టాలనుకునే జబ్బుల్లో సగం చల్లటి ఇంజిన్ మీదే బయటపడతాయి.

స్టార్ట్ చేసేటప్పుడు బానెట్ తీసి ఒకరు ముందు నిలబడాలి, ఇంకొకరు సైలెన్సర్ దగ్గర. స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు డబ్బాకు తగిలి కొట్టుకుంటున్నట్టు ‘గరగర’ వినిపిస్తే టైమింగ్ చైన్ సాగింది, లేదా దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్‌లో ఆయిల్ నిలవడం లేదు. ఈ ఇంజిన్‌కు బెల్ట్ కాదు, చైనే ఉంటుంది. ‘చైన్ కదా, జీవితాంతం మార్చక్కర్లేదు’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట పాత ఆయిల్‌తో నడిచిన బండికి వర్తించదు. వెనక నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. చలికాలం పొద్దున్న కాసేపు తెల్లటి ఆవిరి వస్తే కంగారు పడొద్దు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటేనే అనుమానించాలి.

ఇంజిన్ చల్లగా ఉండగానే కూలంట్ డబ్బా చూడాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి, రంగు గులాబీ లేదా ఊదా ఛాయలో ఉండాలి. పచ్చగా ఉంటే ఎవరో బజారు కూలంట్ పోశారు. అలా ఎందుకు పోయాల్సి వచ్చిందో అడగండి. ఈ తరం 1.8, 2.0 ఇంజిన్లన్నిటికీ పేరుమోసిన రోగం ఒకటుంది. వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి ఒకే ప్లాస్టిక్ బాడీలో ఉంటాయి, అది ఇంటేక్ మానిఫోల్డ్ కింద కూర్చుంటుంది. వేడికి ప్లాస్టిక్ వంకరపోయి సీల్ దగ్గర సన్నగా కారుతుంది. కింద నేల మీద చుక్క పడదు, వేడి ఇంజిన్ మీదే ఆవిరైపోతుంది. మూడు వారాలకోసారి అరలీటరు పోస్తూ నడిపేస్తుంటారు. టార్చ్ వేసి మానిఫోల్డ్ సందులోంచి చూస్తే ఎండిపోయిన గులాబీ రంగు చారలు, పొక్కులు కనిపిస్తాయి, తియ్యటి వాసన వస్తుంది. ఇది బండిని వదిలేసేంత లోపం కాదు. పంపు సెట్టు మొత్తం మార్చే ఖర్చు తగ్గించి అడగండి. కానీ అలా కారుతూ ఒక్కసారైనా ఓవర్ హీట్ అయిన బండైతే వద్దు. హెడ్ గాస్కెట్ పని ఎప్పుడు నెత్తిన పడుతుందో చెప్పలేం.

వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తిప్పి తీయండి. కొంచెం పీల్చుకున్నట్టు ఉండటం మామూలే. గట్టిగా పట్టేసి, తీయగానే ఈల వేసి, ఐడిల్ ఊగితే ఇంజిన్ లోపలి ఆవిర్లను లాగేసే పీసీవీ వాల్వు డయాఫ్రం చిరిగింది. చిన్న భాగమే. కానీ అది పోయిన బండిని అలాగే నడిపితే క్రాంక్ వెనక సీల్ లీకవుతుంది, ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఆయిల్ ఎంత తాగుతోందో కూడా అడగండి. కంపెనీ పుస్తకంలో 1,000 కి.మీ.కి అరలీటరు దాకా మామూలే అని ఉంటుంది. అంత తాగే బండిని ఆ పుస్తకం చూపించి అంటగట్టే వాళ్లున్నారు. 1,000కి 200 మి.లీ. దాటితే మేమైతే ధర తగ్గించకుండా కొనమనం.

టెస్ట్ డ్రైవ్ కాలనీ చుట్టూ ఒక రౌండ్ కాదు, కనీసం 40 నిమిషాలు. సగం సిటీ ట్రాఫిక్‌లో, సగం ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద. ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్‌ని చూడండి: బ్రేక్ వదిలితే జర్కు లేకుండా మెల్లగా కదలాలి, డి నుంచి ఆర్‌కి మారితే సెకనులోపు పట్టుకోవాలి, ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర ఆగి కదిలితే వణక్కూడదు. న్యూట్రల్‌లో ఐడిల్‌లో డబ్బాలో గోళీలు కదిలినట్టు చప్పుడై, ఆఫ్ చేసేటప్పుడు ‘టంగ్’మంటే ఇంజిన్ కుదుపులు గేర్‌బాక్స్‌కు తగలకుండా ఆపే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అరిగింది. గేర్‌బాక్స్ దించే ఖర్చే ఆ భాగం ఖర్చుతో పోటీ పడుతుంది. ఓఆర్ఆర్ మీద మాన్యువల్‌లో మూడో గేర్ పెట్టి 2,000 నుంచి 5,000 ఆర్‌పీఎం దాకా పూర్తిగా తొక్కండి, దానికి వేగ పరిమితి దాటక్కర్లేదు. లాగుతూ లాగుతూ మధ్యలో తడబడితే ఇగ్నిషన్ కాయిల్ గానీ ప్లగ్ గానీ. ఈల పెద్దదై లాగుడు తగ్గితే టర్బో గాలి వెళ్లే బూస్ట్ పైపు ఎక్కడో ఊడింది. యాక్సిలరేటర్ వదిలాక అద్దంలో నీలం పొగ కనిపిస్తే టర్బో సీల్స్.

వెళ్లేటప్పుడు వీసీడీఎస్ గానీ ఓబీడీ ఎలెవెన్ గానీ అనే స్కానర్ ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్లండి. మామూలు స్కానర్ ఇంజిన్ లోపాల కోడ్లు చదివి ఊరుకుంటుంది. ఇవి గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ చదువుతాయి. ఒక్క కోడ్ కూడా లేదని సంతోషపడకండి, బండి తనకు తాను చేసుకునే పరీక్షల స్థితి, అంటే రెడినెస్ చూడమనండి. పరీక్షలు ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తే మీరొచ్చే ముందే కోడ్లు చెరిపేసి ఉంటారు. డ్రైవ్ అయ్యాక మళ్లీ స్కాన్ చేయండి. ఇంకో ఉపాయం: చాలా మాడ్యూళ్లు లోపం వచ్చినప్పటి కి.మీ. కూడా రాసుకుంటాయి. మీటరు 1,12,000 చూపిస్తుంటే, ఏ మూలో పాత కోడ్ పక్కన 1,46,000 అని ఉంటే ఇక మాట్లాడేదేమీ లేదు. ఇంజిన్ డేటాలో క్యామ్ షాఫ్ట్ ఫేజ్ పొజిషన్ సున్నాకు దగ్గరగా ఉందో లేదో, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ 10 శాతం దాటిందో లేదో చూడమనండి. మొదటిది చైన్ సంగతి చెబుతుంది, రెండోది గాలి లీకుల సంగతి.

మెరుపు గురించి ఒక మాట. పెయింట్ మందం మీటరు పెడితే కంపెనీ పెయింట్ 100 నుంచి 160 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. 200 దాటితే మళ్లీ కొట్టారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. డోర్ మీద పుట్టీ ఉంటే పోనీ అనుకోవచ్చు. పిల్లర్ మీద, రూఫ్ మీద ఉంటే వద్దు. ఫెండర్ బోల్టుల తలల మీద రెంచ్ గాట్లు, పెయింట్ లేచిన అంచులు మీటరు లేకుండానే కనిపిస్తాయి.

సస్పెన్షన్‌లో మన గుంతలకు ముందుగా పోయేది ముందు కంట్రోల్ ఆర్మ్ వెనక బుష్. బ్రేక్ వేస్తే ‘ధడ్’మని తగులుతుంది. 70–80 మీద విమానంలా హోరు వస్తే వీల్ బేరింగ్. బ్రేక్ డిస్కు కనీస మందం ఎంతో దాని మీదే చెక్కి ఉంటుంది, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి కాకపోతే డబ్బు దగ్గర చెయ్యి బిగబట్టిన ఓనర్ అని అర్థం. కనిపించే టైర్ల దగ్గరే పొదుపు చేసినవాడు కనిపించని డీఎస్‌జీ ఆయిల్‌కు డబ్బు పెట్టాడంటే నమ్మడం కష్టం.

ప్రశ్న: ఆర్‌ఎస్ ధర అందట్లేదు. అదే ఆక్టేవియాలో 1.8 టీఎస్ఐ ఆటోమేటిక్ 95,000 కి.మీ. తిరిగింది తక్కువకే వస్తోంది. ‘రీమ్యాప్ కూడా చేయించాం సార్, ఆర్‌ఎస్‌లాగే లాగుతుంది’ అంటున్నారు. మొదటి గేర్ నుంచి రెండోదానికి మారేటప్పుడు కొంచెం ఊగుతోంది. తీసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఈ బండిని వదిలేయండి. రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి లాగుడు పెంచడం) చేయని ఇంకో 1.8 దొరికితే చూడండి.

ఎందుకంటే 1.8లో ఉన్నది ఆర్‌ఎస్ గేర్‌బాక్స్ కాదు. 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ. ఆ డబ్బా మోయగలిగే టార్క్ 250 న్యూటన్ మీటర్లు. 1.8 ఇంజిన్ ఇచ్చే టార్క్ కూడా సరిగ్గా 250. కంపెనీయే గీత మీద నిలబెట్టి పంపింది. రీమ్యాప్‌తో ఇంకో 70–80 ఎక్కిస్తే ఇంజిన్ ఆనందంగా లాగుతుంది, క్లచ్ లోపల జారుతూ కాలుతుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు ఊగడం అందుకే. ఈ క్లచ్‌లకు ఆయిల్ చల్లదనం ఉండదు, హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతే ఇంకా వేడెక్కుతాయి.

దీనికి తోడు మెకాట్రానిక్ గోల ఉంది. లోపల హైడ్రాలిక్ ప్రెషర్ నిల్వ చేసే అక్యుమ్యులేటర్ బిగించే చోట అల్యూమినియం బాడీ పగులుతుంది. పగిలితే ప్రెషర్ కారిపోయి పీ17బీఎఫ్ గానీ పీ189సీ గానీ కోడ్ వస్తుంది, గేర్ గుర్తు దగ్గర స్పానర్ వెలుగుతుంది, బండి ఉన్నచోటే ఆగిపోతుంది. రిపేరు చేసేవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొందరు బాడీ మారుస్తారు, కొందరు పగులుకు వెల్డింగ్ చేసి ఇస్తారు. ఎవరైనా ‘మెకాట్రానిక్ అయిపోయింది సార్, ఇక ఏ ఖర్చూ లేదు’ అంటే ఏ పని జరిగిందో బిల్లు మీద చదవండి.

మార్పులేవీ చేయని స్టాక్ బండి చూసేటప్పుడు మెకానిక్‌ని రెండు క్లచ్‌ల అరుగుదల విలువలు, క్లచ్ వేడెక్కిన రికార్డు చదవమనండి. ఆ డబ్బాకు రెండు వేర్వేరు ఆయిళ్లుంటాయి: గేర్లకు 1.7 లీటర్లు, మెకాట్రానిక్‌కు లీటరు చిల్లర. ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అనే మాట బ్రోచర్‌కు బాగుంటుంది. లక్ష దగ్గర రెండూ మార్పించడం మంచిది.

రీమ్యాప్ చేసి, అమ్మే ముందు మళ్లీ స్టాక్ ఫైల్ ఎక్కించిన బండ్లూ ఉంటాయి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వాళ్ల సిస్టమ్‌కు కలిపితే సాఫ్ట్‌వేర్ మార్పు దొరికిన బండి మీద టీడీ1 అనే గుర్తు కనిపిస్తుంది. చేతికి దొరికే ఆనవాళ్లు: మారిన ఎయిర్ ఫిల్టర్ బాక్స్, ఇంటర్‌కూలర్ పైపుల మీద కొత్త క్లిప్పులు, టర్బో నుంచి పొగ వెళ్లే డౌన్‌పైప్ మీద వెల్డింగ్. బీమా కంపెనీకి చెప్పని మార్పుంటే క్లెయిమ్ రోజున గొడవ అవుతుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరు వరదల తర్వాత విజయవాడలో మంచి సెడాన్లు చవగ్గా వస్తున్నాయి. నీళ్లలో మునిగిన బండిని కడిగేస్తే ఎలా కనిపెట్టాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: బుడమేరు వాగు నీళ్లు కొన్నిచోట్ల రోజుల తరబడి నిలబడ్డాయి. రోజుల తరబడి నానిన వైరింగ్ ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత మొరాయించడం మొదలుపెడుతుంది. అందుకే ‘ఇప్పుడు అన్నీ పనిచేస్తున్నాయి కదా’ అన్న వాదన చెల్లదు.

సీటు బెల్టును రీలు చివరిదాకా లాగండి. సీట్లు, కార్పెట్ కడిగిస్తారు, బెల్టు లోపలి చివర కడగడం ఎవరికీ గుర్తుండదు. అక్కడ మట్టిరంగు గీత కనిపిస్తే నీళ్లు ఎంత ఎత్తుదాకా వచ్చాయో కూడా తెలిసిపోతుంది. తర్వాత ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల బోల్టులు, సీటు కింద వైర్ల కనెక్టర్లు చూడండి. తుప్పు, పచ్చని పొడి ఉండకూడదు. డ్యాష్‌బోర్డు కింద ఇనుప బ్రాకెట్ల మీద తుప్పు అయితే ఇంకా పెద్ద సాక్ష్యం, అక్కడికి వాన నీళ్లు చేరవు. డోర్ గుమ్మం దగ్గర ప్లాస్టిక్ లేపి కార్పెట్ కింద స్పాంజి నొక్కి చూడండి. స్టెప్నీ గుంట మడతల్లో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల నీటి గీత కూడా వెతకండి. కారు తలుపులన్నీ మూసి పది నిమిషాలు ఎండలో పెట్టి, ఏసీ వేయకుండా తలుపు తీసి వాసన చూడండి. ఘాటుగా సెంటు కొట్టి ఉంటే అనుమానం ఇంకా పెంచుకోండి.

ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. వంగిన రాడ్‌తోనే బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కంప్రెషన్ టెస్ట్‌లో ఒక సిలిండర్ మాత్రం మిగతావాటికంటే తక్కువ చూపిస్తే అదే కారణం కావచ్చు. పాత పాలసీ నంబరుతో బీమా కంపెనీలో క్లెయిమ్ చరిత్ర అడిగించండి. ఇవ్వనంటే ఓనర్‌చేత మెయిల్ పెట్టించండి. దానికి ఓనర్ నసిగితే బేరం అక్కడితో ఆపండి.

ప్రశ్న: బెంగళూరు రిజిస్ట్రేషన్ బండి హైదరాబాద్ రేటు కంటే బాగా తక్కువకు వస్తోంది. కాగితాల పనేమిటి?
– ఓ పాఠకుడు, మియాపూర్

జవాబు: ఆ తేడాలో ఎక్కువ భాగం తెలంగాణ లైఫ్ ట్యాక్స్‌కే పోతుంది. బండి వయసును బట్టి లెక్క కడతారు. బేరం ఆడే ముందే రవాణా శాఖ కార్యాలయంలో ఆ అంకె కనుక్కోండి. ఇక్కడ 12 నెలలకు మించి ఉంచాలంటే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందే. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, బదిలీకి ఫారం 29, 30. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీతో పాటు సంతకాలైన ఫారం 35. లోన్ తీరిపోయిందని నోటితో చెబితే కుదరదు, ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) పోవాలి. చలాన్లు రెండు రాష్ట్రాల్లోనూ చూడండి. బీమాను 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని దరఖాస్తు ఇవ్వండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది ఆయన వెంటే వెళ్తుంది. ప్రీమియం తేడా కట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. 2013 బీఎండబ్ల్యూ 335ఐ, 1,10,000 మైళ్లు, ధర బాగుంది. బండి చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు క్లీన్‌గా ఉంది. ఇంకేం చూడాలి?
– ఓ పాఠకుడు, టెక్సస్

జవాబు: మన లెక్కలో 1,77,000 కి.మీ. ఇందులోని 3 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ గట్టిదే. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్, రబ్బరే బలహీనం. కార్‌ఫ్యాక్స్‌కు చేరిన సంగతులే కార్‌ఫ్యాక్స్‌లో ఉంటాయి. రిపేరు సొంత డబ్బుతో చేయించుకుంటే అక్కడ కనిపించదు.

మొదట ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. ఇంజిన్ ముందు భాగంలో ఫిల్టర్ డబ్బా కింద తడి, మురికి పేరుకుందేమో చూడండి. గాస్కెట్ ధర కొన్ని డాలర్లే. కానీ కారే ఆయిల్ కింద ఉన్న బెల్ట్ మీద పడుతుంది, బెల్ట్ జారి తెగి ముక్కలు క్రాంక్ ముందు సీల్ లోపలికి దూరిన సందర్భాలున్నాయి. అప్పుడు బిల్లు వేలల్లో ఉంటుంది. బెల్ట్ నూనెతో తడిసి కనిపిస్తే ఆ బండిని నడుపుకుంటూ ఇంటికి తీసుకురావద్దు, ముందు బెల్ట్, గాస్కెట్ మార్పించండి.

వాటర్ పంపు కరెంటుతో తిరిగేది. చెప్పకుండా ఆగిపోతుంది. మార్చిన బిల్లు లేకపోతే థర్మోస్టాట్‌తో కలిపి మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి. వాల్వ్ కవర్ ప్లాస్టిక్, పీసీవీ అందులోనే ఉంటుంది. పగిలితే ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడి ఏసీలోంచి కాలిన వాసన వస్తుంది. ట్రాఫిక్ లైట్ దగ్గర ఆగినప్పుడు ముక్కుపెట్టి చూడండి. టర్బో గాలి వెళ్లే చార్జ్ పైప్ కూడా ప్లాస్టిక్కే, ట్యూన్ (రీమ్యాప్) చేసిన బండ్లలో పగులుతుంది. దాని స్థానంలో అల్యూమినియం పైప్ కనిపిస్తే ‘ట్యూన్ ఉందా?’ అని అడగడానికి మీకు కారణం దొరికినట్టే. 8 గేర్ల ఆటోమేటిక్‌కు బీఎండబ్ల్యూ లైఫ్‌టైమ్ ఆయిల్ అంటుంది. ఆ గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్యలో మార్చమంటుంది. ఫిల్టర్ ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసి వస్తుంది, ప్యాన్ మొత్తం మార్చాలి.

డీలర్ దగ్గర కాకుండా బీఎండబ్ల్యూలు మాత్రమే చూసే చిన్న షాపులో ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. బండిని లిఫ్ట్ ఎక్కించి కింద ప్లాస్టిక్ షీల్డ్ విప్పి చూపించమనండి. షీల్డ్ విప్పకపోతే ఆ ఇన్‌స్పెక్షన్‌కు డబ్బు దండగ. టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి తీసేశారు. అంటే అరిగిన టైర్లు, బ్రేకులు ఇప్పుడు ఎవరూ ఆపరు, మీరే చూసుకోవాలి. డాలస్ కౌంటీలో ఎమిషన్స్ పరీక్ష మాత్రం ఉంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైప్ ఉంటే అక్కడ చిక్కుకుంటారు. అమ్మే వ్యక్తితో పాటు మీరే వెళ్లి ఆ పరీక్ష చేయించి, పాసైన కాగితం చేతికొచ్చాకే డబ్బివ్వండి.